అప్‌డేట్: మాంచెస్టర్ గే విలేజ్‌కి వెళ్లొచ్చాను

తాగే అలవాటు లేదు, తోడెవరూ లేరు, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో గే బార్లు ఎక్కువగా ఉండే గే విలేజ్ అనే పేటకి ఒక్కణ్నే వెళ్తే ఎలా ఉంటుందని అడిగాను కదా. శనివారం వెళ్లొచ్చాను. పికడిల్లీ స్టేషన్ నుంచి నడక దూరమే. అక్కడి ముఖ్య వీధి కెనాల్ స్ట్రీట్ అంటే ఒకవైపు రాచ్‌డేల్ కాలువ, రెండోవైపు వరసగా బార్లు, అంతే. మీరు చెప్పినట్టు వెలుతురుండగానే వెళ్లడం మంచిదైంది. ఆ పక్కనే ఉన్న శాక్‌విల్ గార్డెన్స్ పార్కులో, గే అయిన కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్‌కి 2001లో పెట్టిన విగ్రహం ఆపిల్ పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఆయన పక్కనే కాసేపు కూర్చుంటే టెన్షన్ తగ్గింది. చీకటి పడ్డాక ఒక బార్‌లో నిమ్మకాయ సోడా అడిగాను, ఎవరూ వింతగా చూడలేదు. పక్క టేబుల్ పెద్దాయన "మొదటిసారా?" అని పలకరించి గంటసేపు కబుర్లు చెప్పారు. రెండో బార్‌లో మాత్రం పాటల హోరుకి పది నిమిషాలు కూడా ఉండలేకపోయాను. మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే "కాలువ గట్టున ఉన్నా" అన్నాను. అబద్ధమైతే కాదు.