టి పంచ్ చేదెక్కుతోంది, ఎందుకు?

ప్రశ్న: టి పంచ్ (రమ్ము, నిమ్మ, తీపి కలిపే కరీబియన్ పానీయం) చేస్తున్నా. కరీబియన్ దీవి మార్టినిక్‌లో చెరకు రసంతో చేసే తెల్ల రమ్ము, 50 శాతం ఆల్కహాల్‌ది. నిమ్మముక్కలు దంచి కలిపితే చేదు. పంచదారేమో అడుగునే ఉండిపోతోంది.

జవాబు 1: దంచకండి, తొక్క కింది తెల్లపొర చేదు దిగేది అందుకే. నిమ్మకాయ పక్కనుంచి రూపాయి బిళ్లంత చెక్క, కాస్త గుజ్జుతో కోసి గ్లాసులోకి పిండండి. తొక్కలోని నూనె ముఖ్యం. 50 మి.లీ. రమ్ముకి చెంచాడు చెరకు పాకం. పంచదారే అయితే ముందు నిమ్మరసంలో కరిగించాలి. ఆల్కహాల్లో సరిగా కరగదు.

జవాబు 2: ఐస్ సంప్రదాయం కాదు. ఘాటనిపిస్తే ఒక్క ముక్క చాలు.

జవాబు 3: దంచేది బ్రెజిల్ పానీయం కైపిరీన్యాకి. అందులో పోసే మద్యం కషాసా కూడా చెరకు రసందే, 38–48 శాతం. అరనిమ్మకాయ, మధ్య ఈనె తీసేసి, రెండు చెంచాల పంచదారతో నాలుగు నొక్కులు, అంతే.