నాన్నగారికి పక్షుల ఫోటోల కోసం జేబులో పట్టే జూమ్ కెమెరా: 30 ఎక్స్ చాలా, 40 ఎక్స్ కావాలా?

గుంటూరు అమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు టీచరుగా రిటైర్ అయ్యాక పొద్దున్నే ఉప్పలపాడు చెరువు దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, గూళ్లు, పిల్లలు, ఏది చూసినా ఇంటికొచ్చి మాకు చెప్తారు, ఫోన్లో తీసిన ఫోటోలు చూపిస్తారు. ఆ ఫోటోల్లో చెట్టు కనిపిస్తుంది, పక్షి చుక్కలా ఉంటుంది, వేళ్లతో పెద్దది చేస్తే అంతా అలుక్కుపోతుంది. ఆయనకు మంచి కెమెరా ఒకటి కొనివ్వాలని నాకూ తమ్ముడికీ చాలా రోజుల నుంచి కోరిక.

లెన్సులు మార్చే పెద్ద కెమెరా వద్దు. మోయలేరు, మార్చలేరు. చేతిసంచిలో పట్టాలి, ఆన్ చేయగానే తీసేలా ఉండాలి. కళ్లద్దాలు వాడతారు, చేతులు కొంచెం వణుకుతాయి. బడ్జెట్ 50 వేల లోపు, మరీ అవసరమైతే ఇంకొంచెం. మా బావగారు సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్నారు కాబట్టి అక్కడ కొనే వీలు కూడా ఉంది.

నేను చూసినంతలో ప్యానసోనిక్ టీజెడ్99 (30 ఎక్స్), కెనాన్ ఎస్ఎక్స్740 (40 ఎక్స్), సోనీ హెచ్ఎక్స్99 (30 ఎక్స్) కనిపించాయి. సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7 గురించి అందరూ గొప్పగా రాస్తున్నారు, కానీ దాని జూమ్ 8 ఎక్స్ అట, ధర మాత్రం వీటికి రెండింతలు పైనే. జూమ్ తక్కువున్నదానికి ధర ఎక్కువ ఎందుకో నాకు అర్థం కాలేదు. వీటిలో ఏది తీసుకోవాలి?

జూమ్ రాజా

అక్కా, పక్షులకే అయితే ఆలోచించకుండా ఎస్ఎక్స్740 తీసేసుకోండి. 24 నుంచి 960 మి.మీ. వరకు వెళ్తుంది, బరువు 300 గ్రాముల లోపే. జూమ్ చేసినప్పుడు పక్షి ఫ్రేములోంచి తప్పిపోతే ఒక బటన్ నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వచ్చి మళ్లీ పక్షిని చూపిస్తుంది, వదలగానే పాత చోటికి వెళ్తుంది. కొత్తవాళ్లకు అది చాలా పెద్ద సాయం. ఆర్ఎక్స్100 మంచిదే కానీ 200 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, కొంగలకు ఏం సరిపోతుంది!

చిత్తడినేల

అమ్మా, మీ ప్రశ్నలో అసలు విషయం ఆ చివరి అనుమానంలోనే ఉంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఎక్స్ అంటే దూరం కాదు. ఆ లెన్స్ అన్నిటికంటే పొడవు కొలతను అన్నిటికంటే పొట్టి కొలతతో భాగిస్తే వచ్చే సంఖ్య, అంతే. 24తో మొదలై 720 దాకా వెళ్తే 30 ఎక్స్. పక్షులకు పనికొచ్చేది ఆ చివరి మిల్లీమీటర్ల సంఖ్య. 720 మి.మీ. దగ్గర 100 మీటర్ల దూరంలో కెమెరాకు కనిపించేది దాదాపు 5 మీటర్ల వెడల్పు మాత్రమే. ఎర్రకాళ్ల కొంగ నిలబడితే మీటరుకు కాస్త అటూఇటూ ఎత్తు ఉంటుంది, అంటే ఫ్రేము ఎత్తులో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. అదే కొంగను 200 మి.మీ.తో తీస్తే ఫ్రేములో పన్నెండో వంతు. ఫోన్ మామూలు కెమెరా 24 మి.మీ. దగ్గర్లో ఉంటుంది, దానికి 100 మీటర్ల దూరంలో 150 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. నాన్నగారి ఫోటోల్లో పక్షి చుక్కలా ఉండటానికి కారణం ఇదే, ఆయన తీయడంలో లోపమేమీ లేదు.

ఇక ధర సంగతి. టీజెడ్99, ఎస్ఎక్స్740, హెచ్ఎక్స్99 మూడింటిలోనూ సెన్సార్ (వెలుతురును ఫోటోగా మార్చే భాగం) ఒకే సైజు, 1/2.3 అంగుళం అంటారు, నిజానికి 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు ఉండే చిన్న బిళ్ల. ఆర్ఎక్స్100లో ఉన్నది 1 అంగుళం రకం, 13.2 బై 8.8 మి.మీ. వైశాల్యం నాలుగు రెట్లు. సెన్సార్ పెద్దదైతే అంత దూరం జూమ్ చేయడానికి లెన్స్ కూడా పెద్దదవ్వాలి, జేబులో పట్టదు. అందుకే వాళ్లు 200 దగ్గర ఆపి, నాణ్యత మీద ఖర్చు పెట్టారు.

చాలామంది చూడని సంగతి ఇంకొకటి ఉంది. దూరపు పక్షి నుంచి వచ్చే వెలుతురు ఎంత లోపలికి వస్తుందో నిర్ణయించేది లెన్స్ నిజంగా తెరుచుకునే వెడల్పు. అసలు ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే అది తెలుస్తుంది. (పైన రాసిన 720, 960 లాంటివి పాత ఫిల్మ్ కెమెరాతో పోల్చి చెప్పే కొలతలు, ఈ చిన్న లెన్సుల అసలు కొలత, అంటే ఫోకల్ లెంగ్త్, చాలా తక్కువ.) టీజెడ్99 జూమ్ చివర అసలు 129 మి.మీ., ఎఫ్/6.4, అంటే 20 మి.మీ. ఎస్ఎక్స్740 అయితే 172 మి.మీ., ఎఫ్/6.9, అంటే 25 మి.మీ. ఆర్ఎక్స్100 మార్క్ 7కి 72 మి.మీ., ఎఫ్/4.5, అంటే 16 మి.మీ.! ప్యానసోనిక్‌లోనే 1 అంగుళం సెన్సార్ ఉన్న టీజెడ్200 ఉంది, 360 మి.మీ. దాకా వెళ్తుంది, దాని లెక్క కూడా 20 మి.మీ. దగ్గరే తేలుతుంది. అంటే టీజెడ్200తో తీసిన ఫోటోను పొడవు, వెడల్పు రెండూ సగానికి కత్తిరించినా, టీజెడ్99తో 720 దగ్గర తీసినా, పక్షి నుంచి లోపలికి వచ్చిన వెలుతురు దాదాపు సమానం. కత్తిరించిన దాంట్లో 5 మెగాపిక్సెళ్లే మిగులుతాయి, అంతే తేడా. దూరపు పక్షి ఒక్కటే మీ అవసరమైతే పెద్ద సెన్సార్ కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఇంట్లో పెళ్లిళ్లు, సాయంత్రం గుడి, మనవలు, ఇవన్నీ కూడా తీయాలంటే అప్పుడు అది వేరే మాట.

చిన్న సెన్సార్‌కు వెలుతురు కావాలి. బాగా ఎండ ఉన్నప్పుడు ఎఫ్/6.4, ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100 పెడితే షట్టర్ తెరిచి ఉండే సమయం 1/800 సెకను వస్తుంది, హాయిగా తీయొచ్చు. సూర్యుడు రాకముందు ఆ వెలుతురులో 60వ వంతు ఉందనుకోండి, ఐఎస్ఓ 1600కి పెంచినా 1/200 దగ్గరే ఉంటారు, ఈకల వివరాలు అలికినట్టు అయిపోతాయి. నాన్నగారు మరీ చీకటితో వెళ్లేవారైతే ఎండ కాస్త పడేదాకా ఆగి తీయమనండి. మధ్యాహ్నం కూడా వద్దు, నీళ్ల మీద వేడి గాలి కదులుతూ ఉంటుంది, ఎంత ఖరీదైన లెన్స్ అయినా దూరపు పక్షి వణికినట్టే వస్తుంది. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య చక్కటి సమయం.

ఉప్పలపాడు చెరువు చిన్నది, పక్షులు దగ్గర్లోనే చెట్ల మీద ఉంటాయి. 720 చాలు. 960 కోసం మిగతావి వదులుకోవద్దు, ఎందుకంటే ఎస్ఎక్స్740లో రా ఫైల్ (తర్వాత కంప్యూటర్లో బాగా సరిచేసుకోగలిగే ఫోటో) తీసే వీలు లేదు, టచ్ స్క్రీన్ లేదు. నా ఓటు టీజెడ్99కి.

గుంటూరు అమ్మాయి

చాలా థ్యాంక్సండీ, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. నాన్నగారికి చదివి వినిపించాను, ఆ 5 మీటర్ల లెక్క ఆయనకు బాగా నచ్చింది, కాగితం మీద వేసి చూసుకున్నారు కూడా. ఆయన ఇంకో రెండు అడగమన్నారు. ఎగిరే పక్షిని వీటితో తీయగలమా? కొల్లేరు దగ్గర ఆటపాకకు, నేలపట్టుకు, పులికాట్‌కు కూడా వెళ్లాలని ఉంది, అక్కడ ఇదే కెమెరా సరిపోతుందా?

పులికాట్ బాటసారి

నమస్కారమండీ. చిత్తడినేల గారు చెప్పిన వెలుతురు లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ టీజెడ్99 దగ్గర నాకు అభ్యంతరం ఉంది. దానికి వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ) లేదు. అంతకుముందు వచ్చిన టీజెడ్95లో ఉండేది, కొత్త మోడల్లో తీసేశారు. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని, ఎండలో, చేతులు ముందుకు చాపి స్క్రీన్ చూస్తూ 720 మి.మీ. దగ్గర పక్షిని పట్టుకోవడం చాలా కష్టం. ఎండ స్క్రీన్ మీద పడితే ఏం కనిపించదు. కంటికి ఆనించుకుని మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే కెమెరాకు మూడు చోట్ల ఆధారం దొరుకుతుంది, వణుకు సగం అక్కడే తగ్గిపోతుంది. హెచ్ఎక్స్99లో పైకి లేచే వ్యూఫైండర్ ఉంది, చిన్నదే, అయినా ఉంది. దానికి డయాప్టర్ అనే సర్దుబాటు ఉంటుంది, దాన్ని చూపుకు సరిపెట్టుకుంటే కొందరికి కళ్లద్దాలు తీసి కూడా చూడటం కుదురుతుంది. బరువు 240 గ్రాముల చిల్లర. 2018 నాటి మోడల్, టీజెడ్95 అయితే 2019 నాటిది, కొత్తవి దొరకడం కష్టమే కావచ్చు, వాడినవైనా మంచి స్థితిలో ఉంటే నేను వాటికే వెళ్తాను.

ఎగిరే పక్షుల సంగతి. చిన్న కెమెరాలతో ఆకాశంలో తిరిగే దాన్ని వెంటాడుతూ ఫోకస్ నిలబెట్టడం కష్టం, ఆశ పెట్టడం ఇష్టం లేదు. కానీ గూడబాతు పెద్ద పక్షి, రెక్కలు ఆపి తేలుతూ దిగుతుంది, పైగా మళ్లీ మళ్లీ అదే గూటికి వస్తుంది. గూడు మీద ముందే ఫోకస్ పెట్టుకుని, జూమ్ సగానికి తగ్గించి, షట్టర్ వేగం 1/1000 సెకనుకు తగ్గకుండా పెట్టుకుని, వరుసగా తీసే మోడ్‌లో కాచుకుంటే దిగే క్షణం దొరుకుతుంది. గడ్డి నోట కరుచుకుని వచ్చే ఎర్రకాళ్ల కొంగ కూడా ఇలాగే దొరుకుతుంది. పూర్తి జూమ్‌లో మాత్రం ప్రయత్నించవద్దు, పక్షి ఫ్రేములోకి రావడమే గగనం.

ఆటపాకలో పడవ మీద గూళ్లకు కొంత దగ్గరగా వెళ్లొచ్చు కాబట్టి జూమ్ సరిపోతుంది, కాకపోతే పడవ ఊగుతుంది, 1/800 పైన ఉంచుకోండి. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ చేతి వణుకును సర్దుతుంది, పక్షి కదలికను సర్దదు. నేలపట్టులో టవర్ ఉంది, అక్కడి నుంచి బాగానే ఉంటుంది. పులికాట్ వేరు. శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, కొన్నిసార్లు ఫ్లెమింగోలు రోడ్డుకు దగ్గర్లో మేస్తాయి, మరికొన్నిసార్లు నీళ్ల చివర గులాబీ గీతలాగా కనిపిస్తాయి. అంత దూరానికి జేబు కెమెరా ఏదీ చాలదు. నికాన్ పీ950 2000 మి.మీ. వరకు వెళ్తుంది, తెరుచుకునే వెడల్పు లెక్కేస్తే 55 మి.మీ. వస్తుంది, చిన్నవాటికి దానికి పోలికే లేదు. బరువు కిలో. మీ నాన్నగారు మోయలేరని మీరే అన్నారు, బడ్జెట్ కూడా దాటుతుంది, తెలుసుకుంటారని చెప్తున్నాను.

ఒక చిన్న ఉపాయం: గుడ్డ సంచిలో కిలో బియ్యం పోసి మూతి కుట్టేయండి. టవర్ గోడ మీద, రెయిలింగ్ మీద అది పెట్టి పైన కెమెరా ఆనిస్తే ట్రైపాడ్ అక్కర్లేదు. వణికే చేతులకు ఇంతకంటే మంచి సాయం లేదు.

టెక్సాస్ తెలుగువాడు

బావగారితో తెప్పించుకునే విషయంలో కొన్ని మాటలు. టీజెడ్99ని అమెరికాలో జెడ్ఎస్99 అనే పేరుతో అమ్ముతారు, రెండూ ఒకటే, కంగారు పడకండి. టీజెడ్95కి అక్కడ పేరు జెడ్ఎస్80, టీజెడ్200కి జెడ్ఎస్200. అక్కడ కొన్నదానికి ఇండియాలో వారంటీ చెల్లుతుందో లేదో కొనే ముందే కంపెనీ సైట్లో చూసుకోవాలి, చాలా కెమెరాలకు ఏ దేశంలో కొంటే ఆ దేశంలోనే వర్తిస్తుంది. ఛార్జింగ్‌కు ఇబ్బంది లేదు, జెడ్ఎస్99 యూఎస్‌బీ టైప్ సీతో అవుతుంది, ఫోన్ ఛార్జరే చాలు. అమెరికా మోడళ్లలో వీడియో సాధారణంగా 30, 60 ఫ్రేముల్లో ఉంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద వీడియో తీస్తే వెలుతురు మినుకుమినుకు మనొచ్చు. బయట ఎండలో పక్షులకు ఆ గొడవ లేదు.

వాడింది కొంటే ఒకటి తప్పకుండా చూడమనండి. ఈ కెమెరాల్లో లెన్స్ గొట్టంలా బయటికి సాగి లోపలికి వెళ్తుంది, ఆ కదలికలో దుమ్మును లోపలికి లాక్కుంటుంది. సెన్సార్ మీద పడ్డ దుమ్మును మనం తుడవలేం, కెమెరా మొత్తం విప్పాల్సిందే, ఆ ఖర్చు కెమెరా విలువలో చాలా భాగం తినేస్తుంది. తెల్ల కాగితాన్నో ఖాళీ ఆకాశాన్నో పూర్తి జూమ్‌లో ఫోటో తీసి, మచ్చలు ఉన్నాయేమో పెద్దది చేసి చూడాలి. మచ్చ కనిపిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. కొత్తది కొన్నా సరే, ఊరికే సంచిలో పడేయకుండా జిప్ ఉన్న చిన్న కవర్లో పెట్టుకోమనండి.

గుంటూరు అమ్మాయి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. వ్యూఫైండర్ ఉండాల్సిందేనని నాన్నగారు గట్టిగా అన్నారు. బావగారు డాలస్‌లో జెడ్ఎస్80 గానీ హెచ్ఎక్స్99 గానీ చేతిలోకి తీసుకుని చూసి, ఆకాశం ఫోటో పరీక్ష చేసి కొంటారు, రెండూ మంచివి దొరక్కపోతే జెడ్ఎస్99 తెస్తారు. బియ్యం సంచి అమ్మ అప్పుడే కుట్టడం మొదలుపెట్టింది. డిజిటల్ జూమ్ ఆపేయమని ఎక్కడో చదివాను, అది నిజమేనా?

చిత్తడినేల

నిజమే, మెనూలోకి వెళ్లి మొదటి రోజే ఆపేయండి. అది ఉన్న ఫోటోను సాగదీయడమే, కొత్త వివరం ఏదీ రాదు, ఆ పని ఇంటికొచ్చి కంప్యూటర్లో చేసుకోవచ్చు. దాంతోపాటు ఆటో ఐఎస్ఓకి పైహద్దు 1600 పెట్టండి, షట్టర్ వేగాన్ని మనమే పెట్టుకునే మోడ్‌లో 1/500తో మొదలుపెట్టమనండి, ఫోకస్‌ను మధ్యలో ఉన్న ఒక్క చిన్న గడికి మార్చండి, లేకపోతే కెమెరా పక్షిని వదిలి ముందున్న కొమ్మను పట్టుకుంటుంది. పిల్లలున్న గూళ్ల దగ్గర ఫ్లాష్ మాత్రం ఎప్పుడూ వేయొద్దని చెప్పండి. నాన్నగారి మొదటి ఫోటోలు ఇక్కడే పెట్టండమ్మా, పక్షుల పేర్లు తెలియనివి ఉంటే కలిసి గుర్తుపడదాం.