రాబోయే సినిమా గురించి మీరు ఎంత తెలుసుకుని వెళ్తారు?

మొదటివరుస

అందరికీ నమస్తే. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న ఇది. కొత్త సినిమా కోసం మీరెలా ఎదురుచూస్తారు? దాని గురించి ఎంత తెలుసుకుని హాల్లో అడుగు పెడతారు?

నా సంగతి చెప్తాను. ఎనిమిదేళ్లుగా ఒక నోట్‌బుక్ రాస్తున్నాను. ఎడమ పేజీలో రాబోయే సినిమా పేరు, అది ఎందుకు చూడాలనిపిస్తోందో, దాని గురించి ఇప్పటికే ఏమేం చూశానో రాస్తాను. కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాను. సినిమా చూసొచ్చిన రాత్రే దాన్ని నింపుతాను. మొన్న తీరిగ్గా కూర్చుని మొత్తం తిరగేస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. టీజర్ చూశాను, పాటలన్నీ వినేశాను, దర్శకుడి ఇంటర్వ్యూలు చూశాను అంటూ ఎడమ పేజీ నిండా రాసుకున్న సినిమాలకి కుడి పేజీలో రెండు మూడు లైన్లే ఉన్నాయి. "బాగుంది. ట్రైలర్‌లో చూసిన ఫైట్ ఇంటర్వెల్ ముందు వచ్చింది." ఇలా.

ఒక చిన్న సినిమాకి మాత్రం ఎడమ వైపు "స్నేహితుడు వెళ్దామన్నాడు" అని ఒక్క ముక్క ఉంది. కుడి పేజీ చాలక తర్వాతి కాగితం మీదికి కూడా వెళ్లాను. అందులో తండ్రి పోయాక కొడుకు ఆయన చెప్పులు వేసుకుని గేటు దాకా నడుస్తాడు. మాట లేదు, మ్యూజిక్ లేదు. కొలత సరిపోని చెప్పుల చప్పుడు ఒక్కటే. ఆ సీను ఉందని నాకు ముందే తెలిసి ఉంటే అంత దెబ్బ తగిలేది కాదని నా నమ్మకం.

అందుకే ఈ ఏడాది మొదటి నుంచి ట్రైలర్లు మానేశాను. పేరు, దర్శకుడు, తేదీ. అంతే. మీ అనుభవాలు చెప్పండి.

రీలుప్రేమ

నేను ఒప్పుకోను అన్నా. ట్రైలర్ లేకపోతే ఎదురుచూపే లేదు నాకు. సాయంత్రం ఆరింటికి ట్రైలర్ వస్తోందంటే మధ్యాహ్నం నుంచే పని మీద మనసు నిలవదు. వచ్చాక పదిసార్లు చూస్తాను. రెండోసారి ఆపి ఆపి చూస్తాను, ఆ మూలన కనిపించిన మనిషి ఎవరు, గోడ మీద ఆ ఫొటో ఏంటి అని. నా చెల్లెలు, నేను ఇద్దరం కలిసి కథ అల్లుకుంటాం. సినిమా వచ్చాక మా కథ తప్పని తేలినా ఆ రెండు నెలల సంతోషం మాదే కదా.

అయినా ట్రైలర్ ఈనాటిది కాదు. అమెరికాలో 1913లోనే నిల్స్ గ్రాన్‌లండ్ అనే ఆయన ఒక స్టేజ్ షో కోసం చిన్న ప్రచార ఫిల్మ్ తయారు చేసి థియేటర్లలో వేయించాడు. తొలి రోజుల్లో అసలు సినిమా అయిపోయాక వెనక వేసేవారు కాబట్టి ట్రైలర్ అనే పేరు వచ్చింది. వందేళ్లకు పైగా జనం దీని కోసం కూడా ఎదురుచూస్తున్నారంటే అందులో ఏదో ఉన్నట్టే.

ఎడిట్‌రూమ్

ఆరేళ్లు ట్రైలర్లు కట్ చేసినవాడిగా లోపలి సంగతి కొంచెం చెప్తాను.

మేం పని మొదలుపెట్టేసరికి చాలాసార్లు సినిమా ఫైనల్ కట్ ఉండదు. గ్రాఫిక్స్ షాట్లు సగం పచ్చ తెరతోనే ఉంటాయి. ఆర్.ఆర్. (సినిమా నేపథ్య సంగీతం) అయ్యుండదు, కాబట్టి వేరే మ్యూజిక్ పెట్టుకుని కట్ చేస్తాం. ముందు మ్యూజిక్, ఆ తర్వాతే షాట్లు. బీట్ పడే చోట ఒక చూపు తిరగడమో, తలుపు మూసుకోవడమో పెడతాం. డైలాగ్ ఒక సీన్‌లోది ఉంటుంది, మొహం ఇంకో సీన్‌లోది ఉంటుంది.

ఒక సినిమాలో హీరోయిన్ "నువ్వు రావని నాకు తెలుసు" అనే మాట ఉంది. సినిమాలో ఆ మాట తమ్ముడితో ఫోన్లో అంటుంది. మేం దాన్ని హీరో వానలో ఒంటరిగా నిలబడ్డ షాట్ మీద వేశాం. చూసినవాళ్లంతా విరహం అనుకున్నారు. ట్రైలర్‌కి గొప్ప పేరొచ్చింది. రిలీజయ్యాక ఒక ప్రేక్షకుడు "ఆ వాన సీన్ కోసమే వచ్చాను, ఏదీ అది?" అని కామెంట్ పెట్టాడు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆయన ఎదురుచూసిన సీను అసలు ఎవరూ తీయలేదు. దాన్ని తయారు చేసింది నేను.

ఇందులో విద్య పాతదే. వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒకే మొహాన్ని వేర్వేరు షాట్ల పక్కన అతికించి చూపిస్తే, జనానికి ఆ మొహంలో వేర్వేరు భావాలు కనిపించాయని ఎడిటింగ్ నేర్చుకునే ప్రతివాడికీ మొదట్లోనే చెప్తారు. ఇక ట్రైలర్‌లో ఉండి సినిమాలో లేని షాట్లంటారా, 2016లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా రోగ్ వన్ తీసుకోండి. దాని ట్రైలర్లలో చూపించిన షాట్లలో చాలా చివరి సినిమాలో లేవు.

నా సలహా ఒకటి. మొట్టమొదటి టీజర్ చూడండి, అక్కడితో ఆపేయండి. టీజర్ సినిమా వాతావరణం ఎలా ఉంటుందో చెప్తుంది. రిలీజ్ దగ్గర పడేకొద్దీ ఇంకా మనసు కుదరని ప్రేక్షకుణ్ని రప్పించాలి కాబట్టి కథ బయట పెట్టక తప్పదు. రెండో ట్రైలర్, రిలీజ్ ట్రైలర్ మీలాంటివాళ్ల కోసం కాదు. మీరు ఎలాగూ వస్తారని మాకు తెలుసు.

రీలుప్రేమ

ఆ వాన షాట్ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను అన్నా. ఇలాంటి సీన్ల కోసం నేనూ చాలాసార్లు ఎదురుచూసి ఉంటాను.

ముందేచెప్పండి

నాది పూర్తిగా వేరే దారి. కథ మొత్తం, ముగింపుతో సహా చదివాకే టికెట్ తీసుకుంటాను. కారణం చెప్తాను, దయచేసి అర్థం చేసుకోండి.

మూడేళ్ల కిందట నాన్నగారు పందొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. ఆ తర్వాత సరదాగా ఉంటుందని చెప్తే ఒక సినిమాకి వెళ్లాను. సెకండాఫ్‌లో తెర నల్లబడి మానిటర్ బీప్ ఒక్కటే వినిపించింది. చుట్టూ అంతా నిశ్శబ్దం, హాలు మొత్తం ఆ బీప్. నాకు ఊపిరాడలేదు. చీకట్లో మెట్లు తడుముకుంటూ బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను. మిగతా సినిమా ఏమైందో ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి ముందే చదువుతున్నాను. ఆసుపత్రి సీన్ ఉందని తెలిస్తే ఎక్కడ వస్తుందో తెలుసుకుని సిద్ధపడతాను. మొదట్లో సినిమా మజా పోతుందేమో అనుకున్నాను. పోలేదు. ఏం జరుగుతుందో అన్న టెన్షన్ లేకపోయేసరికి నటుల చేతులు, కెమెరా ఎక్కడుందో, ఇవన్నీ చూడటం మొదలైంది. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 12 చిన్న కథలతో ఒక అధ్యయనం చేశారు. ముగింపు ముందే తెలిసినవాళ్లే ఆ కథల్ని ఎక్కువ ఇష్టపడ్డారని తేలింది. అవి సినిమాలు కావు, కథలు. కానీ చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. అయినా 1957 నాటి మాయాబజార్‌లో చివరికి ఏం జరుగుతుందో తెలియకనా మనం ఇన్నిసార్లు చూస్తున్నాం?

మొదటివరుస

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తెలియకుండా వెళ్లడమే గొప్ప అన్నట్టు రాశాను, ఇంకొకరికి అదే ప్రమాదం కావచ్చని నాకు తట్టలేదు. ఇకనుంచి ఎవరినైనా సినిమాకి తీసుకెళ్తే "ఇందులో ఇది ఉంది, పర్వాలేదా" అని ముందు అడుగుతాను.

చిన్నఅక్షరాలు

నేను పోస్టర్‌లో హీరో పేరు ఆఖరున చూస్తాను. కింద చిన్న అక్షరాలు ముందు. ఛాయాగ్రహణం ఎవరు, ఎడిటర్ ఎవరు, సౌండ్ డిజైన్ ఎవరు. ఇష్టమైన కెమెరామన్ పేరు కనిపిస్తే కథ ఏదైనా వెళ్తాను. రోజర్ డీకిన్స్ 13 సార్లు ఆస్కార్‌కి నామినేట్ అయి, 14వసారి 2017 నాటి బ్లేడ్ రన్నర్ 2049 అనే సినిమాకి గెలుచుకున్నప్పుడు మా ఇంట్లో నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఇంట్లోవాళ్లకి ఆయనెవరో తెలియదు.

ఇలా ఎదురుచూడటంలో ఒక సుఖం ఉంది. కథ లీకైనా నాకు పోయేదేం లేదు. ఒక మనిషి వెలుతురుని ఎలా చూస్తాడో ఎవరూ లీక్ చేయలేరు. మొదటివరుస గారూ, మీ ఎడమ పేజీలో సాంకేతిక నిపుణుల పేర్లు రాసి చూడండి. ఏడాది తిరిగేసరికి మీ అభిరుచి మీకే కొత్తగా కనిపిస్తుంది. నాకు నచ్చిన ఐదు సినిమాలకి ఎడిటర్ ఒక్కరేనని అలానే తెలిసింది.

నాలుగుటికెట్లు

వాయిదాల గురించి ఎవరూ మాట్లాడలేదే. ఆర్ఆర్ఆర్ తేదీలు నాకు ఇప్పటికీ కంఠస్థం. మొదట 2020 జూలై 30 అన్నారు. తర్వాత 2021 జనవరి 8. తర్వాత 2021 అక్టోబర్ 13. తర్వాత 2022 జనవరి 7. ఆఖరికి 2022 మార్చి 25న వచ్చింది.

మొదటి తేదీ చెప్పినప్పుడు మేం నలుగురం ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. పక్క పక్క సీట్లలో చూడాలని అప్పుడే మాట అనుకున్నాం. సినిమా వచ్చేసరికి నలుగురం నాలుగు ఊళ్లలో ఉద్యోగాలు చేస్తున్నాం. ఒకడికి పెళ్లి కూడా అయింది. ఎవరికీ సెలవు కుదరలేదు. అందుకని ఒకే రోజు ఒకే ఆటకి, ఎవరి ఊళ్లో వాళ్లం, ఒకే సీట్ నంబర్ దొరికేలా వెతికి మరీ టికెట్లు తీసుకున్నాం. ఇంటర్వెల్‌లో గ్రూప్ కాల్ కలిపాం. మొదటి అర నిమిషం ఎవ్వరం మాట్లాడలేదు. నాలుగు హాళ్ల గోల ఒకేసారి వినిపిస్తోంది. తర్వాత ఒకడు "చూశార్రా" అన్నాడు, అంతే, అందరం ఒకేసారి అరవడం మొదలుపెట్టాం.

సినిమా మీద ఎన్ని వాదనలైనా ఉండనివ్వండి, ఆ రోజు నాకు కావాల్సింది దొరికింది.

పాతటికెట్

బాగా రాశావు నాన్నా. నాది నెమ్మదైన ఎదురుచూపు. రైల్లో పరిచయమైన ఇద్దరు కలిసి దిగిపోయే కథ, బిఫోర్ సన్‌రైజ్ అనే ఇంగ్లిష్ సినిమా, 1995లో వచ్చినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. రెండోది 2004లో, మూడోది 2013లో వచ్చాయి. తొమ్మిదేళ్లకొకసారి అదే ఇద్దరు నటులు, అదే పాత్రలు, వయసు మాత్రం పెరిగి. మొదటిది చూసినప్పుడు రైలు దిగిపోవడం ఎంత తేలికో అనిపించింది. మూడోదాంట్లో వాళ్లు హోటల్ గదిలో గొడవ పడుతుంటే నా ఇంట్లో మాటలే విన్నట్టయింది, తల దించుకుని చూశాను.

మధ్యలో ఏ వార్తా వెతకలేదు. అవతార్ రెండో భాగానికి 13 ఏళ్లు ఎదురుచూసినవాళ్లు ఉన్నారు, ఏటా ఏదో ఒక అప్‌డేట్ చదువుతూ. నేను అలా ఉండలేను. మర్చిపోతాను, ఒక రోజు సినిమా వచ్చిందని తెలుస్తుంది, వెళ్తాను.

కొత్తగావచ్చా

నాకు పంతొమ్మిదేళ్లు. నిజం చెప్పాలంటే నాకు ఎదురుచూడటమే రాదు. ఇంట్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు ఏదో ఒకటి పెట్టుకుంటాను, పది నిమిషాల్లో నచ్చకపోతే మార్చేస్తాను. ఇదంతా చదివాక ఒకసారి ప్రయత్నించాలనిపించింది. ఎలా మొదలుపెట్టాలి?

చిన్నఅక్షరాలు

నీకు బాగా నచ్చిన సినిమా ఒకటి తీసుకో తమ్ముడూ. ఆ దర్శకుడో, కెమెరామనో తర్వాత చేస్తున్నదేంటో తెలుసుకో. తేదీ రాసిపెట్టుకో. ఇంక దాని గురించి ఏమీ చూడకు.

ఎడిట్‌రూమ్

హాలుకి పది నిమిషాలు ముందు వెళ్లకు, సరిగ్గా టైమ్‌కి వెళ్లు, ట్రైలర్లు తప్పుతాయి. కానీ మొదటి షాట్ మాత్రం పోగొట్టుకోకు. 1960లో సైకో సినిమా వచ్చినప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని దాని దర్శకుడు హిచ్‌కాక్ పట్టుబట్టాడు. దాని ట్రైలర్ ఆరు నిమిషాల పైనే ఉంటుంది. ఆయనే సెట్ అంతా తిరుగుతూ మాట్లాడతాడు, కథలోని ఒక్క సీన్ కూడా చూపించడు. నా వృత్తిలో నేను అసూయపడిన ట్రైలర్ అదొక్కటే.

కొత్తగావచ్చా

ఐదు వారాల తర్వాత వస్తున్నాను, మర్చిపోయారేమో. నాకు నచ్చిన ఒక దర్శకురాలి కొత్త సినిమా పేరు పట్టుకున్నాను. తేదీ క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. మధ్యలో రెండుసార్లు ట్రైలర్ ఫోన్లో ఎదురొచ్చింది, పైకి తోసేశాను. వేరే ఛానెల్ ఒకటి థంబ్‌నెయిల్‌లోనే ఎవరు చనిపోతారో రాసిందని స్నేహితురాలు చెప్పబోతే చెవులు మూసుకున్నాను.

నిన్న చూశాను. ఫోన్ ఆఫ్ చేసి. మొదటి ఇరవై నిమిషాలు ఎవరు ఎవరో కూడా అర్థం కాలేదు, ఇంట్లో అయితే ఖచ్చితంగా మార్చేసేవాణ్ని. తర్వాత ఒక ముసలావిడ స్విచ్‌బోర్డు దగ్గర నిలబడి లైట్ వేయాలా వద్దా అని వేలు పెట్టి ఆగుతుంది. ఆ వేలు అలా ఆగినంతసేపూ హాల్లో ఎవరూ కదల్లేదు. ఆవిడ ఎందుకు ఆగిందో నాకు అప్పుడు తెలిసిపోయింది.

మొదటివరుస అన్నా, నేనూ ఒక నోట్‌బుక్ కొన్నాను. కుడి పేజీ నిండింది. ముందేచెప్పండి అక్కా, అందులో ఆసుపత్రి సీన్ ఒక్కటి కూడా లేదు, మీరు హాయిగా చూడొచ్చు. కావాలంటే కథ మీకు విడిగా మెసేజ్‌లో రాస్తాను. సినిమా పేరు కూడా మీకే చెప్తాను. ఇక్కడ రాయను, మిగతావాళ్లు ఇంకా చూడలేదు కదా.