తిరుపతిలో ప్రైవేట్ డిటెక్టివ్ హీరోనా? ఎవరు నమ్ముతారు?

కోనేటికట్ట:
క్రైం థ్రిల్లర్ ఒకటి రాస్తున్నాను. కొండకు వచ్చిన ఒక పెద్దాయన తిరుపతి లాడ్జిలో బ్యాగు వదిలేసి కనపడకుండా పోతాడు. కొడుకులు ఆస్తి కాగితాలు వెతుకుతారే గానీ ఆయన్ను వెతకరు. కూతురు మాత్రం లీలామహల్ సర్కిల్ దగ్గర జిరాక్స్ షాపు మేడ మీద ఆఫీసు పెట్టుకున్న డిటెక్టివ్ దగ్గరికి వస్తుంది. మా ఫ్రెండు చదివి "తిరుపతిలో డిటెక్టివ్ ఎవడ్రా, ఎస్సైని పెట్టుకో" అన్నాడు. మీరేమంటారు?

ఎమ్మార్‌పల్లి మాస్టారు:
మీ ఫ్రెండు చెప్పిందే కరెక్ట్. మన దేశంలో డిటెక్టివ్‌లకు లైసెన్స్ ఇచ్చే చట్టమే లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలకైనా 2005 చట్టం ఉంది, వీళ్లకు అదీ లేదు. వారెంటు ఉండదు, ఎవర్నీ నిలదీసి అడగలేడు. లాడ్జి క్లర్కు రిజిస్టర్ చూపించనంటే మీ కథ అక్కడే ఆగిపోతుంది.

పాత నవలల పిచ్చోడు:
ఆగిపోయిన చోటే కదా మాస్టారూ కథ మొదలయ్యేది! ఎస్సై అయితే "రిజిస్టర్ ఇటివ్వు" అంటాడు, క్లర్కు ఇస్తాడు, అయిపోయింది. డిటెక్టివ్ అయితే రూము కావాలని పోవాలి, ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి, సంతకం పెట్టేటప్పుడు పెన్ను రాయట్లేదని వంక పెట్టాలి, క్లర్కు ఇంకో పెన్ను కోసం సొరుగులో వెతికేలోపు వెనక పేజీ తిప్పి ఆ రోజు పేర్లు చూసెయ్యాలి. ఆ నాలుగు క్షణాల టెన్షన్ ఏ ఎస్సై ఇస్తాడు? కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను మా నాయన అద్దెకు తెచ్చుకుని మరీ చదివేవాడు, లైసెన్స్ ఉందా అని ఏనాడూ అడగలేదు. 1887లో షెర్లాక్ హోమ్స్ వచ్చినప్పటి నుంచీ ఇదే కిటుకు. ఆ కథల్లో పోలీసు ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్‌కు అధికారం ఉంటుంది, హోమ్స్‌కు తీరిక ఉంటుంది.

చిత్తూరు చిన్నోడు:
తెలుగులో డిటెక్టివ్ అంటే కామెడీనే అన్నా. 1986లో చంటబ్బాయ్, 2019లో ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ. సీరియస్‌గా తీయాలంటే ఖాకీ తొడగాల్సిందే.

పాత నవలల పిచ్చోడు:
ఆత్రేయ ఉండేది నెల్లూరులో. నెల్లూరులో కుదిరింది తిరుపతిలో కుదరదా ఏంది? నవ్విస్తూనే శవాల దాకా తీసుకుపోతాడు కదా.

ఎమ్మార్‌పల్లి మాస్టారు:
అవన్నీ తర్వాత. కోనేటికట్ట గారూ, మీ కథలో కాల్ లిస్టు, అదే ఫోన్ నుంచి ఎవరెవరికి కాల్స్ పోయాయో చూపే జాబితా, ఉందా లేదా?

కోనేటికట్ట:
ఉంది సార్. తెలిసినవాళ్ల ద్వారా తెప్పిస్తాడు.

ఎమ్మార్‌పల్లి మాస్టారు:
అదిగో! పోలీసులకే పై అధికారి అనుమతి ఉండాలి. ఇట్లా డబ్బులిచ్చి కాల్ లిస్టులు కొన్న డిటెక్టివ్‌లను 2018లో ఠాణే పోలీసులు అరెస్టు చేశారు. మీ హీరో జైల్లో ఉండాల్సినవాడు.

సైలెంట్ రీడర్:
కాల్ లిస్టుకు వేరే థ్రెడ్ పెట్టండి సామీ.

పాత నవలల పిచ్చోడు:
మాస్టారూ, మీకు పోలీసుల మీద అంత ప్రేమ ఎందుకో అర్థం కాదు. బస్సులో మా అమ్మ గొలుసు తెంపుకుపోతే ఒక స్టేషన్లో మమ్మల్ని సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి "ఎక్కడో పడేసుకుని ఉంటారు, ఇంట్లో చూసుకోండి" అని పంపించేశారు. డబ్బు తీసుకునైనా సరే, మా మాట వినేవాడు ఒకడుంటే చాలనిపించింది ఆ పూట. అట్లాంటివాళ్ల కోసమే ఈ నవలలు. మీకు సెక్షన్లు తప్ప మనుషులు కనపడరు.

ఎమ్మార్‌పల్లి మాస్టారు:
మనుషులు కనపడరా? అయితే వినండి. మా చెల్లెలికి సంబంధం కుదిరి లగ్నపత్రిక రాసుకోబోయే ముందు అబ్బాయి వాళ్లు ఒక డిటెక్టివ్‌ను పెట్టారు. గ్యాస్ సర్వే అని చెప్పి వాడు మా వీధంతా తిరిగాడు. చెల్లెలు కాలేజీ బయట ఒకబ్బాయితో టీ తాగుతోందని ఫొటోతో సహా రిపోర్టు ఇచ్చాడు. ఆ అబ్బాయి మా పెద్దమ్మ కొడుకు! సంబంధం పోయింది, వీధిలో మాటలు మాత్రం మిగిలాయి. ఎస్సై తప్పు చేస్తే ఎస్పీ దగ్గరికి పోతాను, కోర్టుకు పోతాను. వీడి మీద ఎవరికి చెప్పుకోవాలి? వాడిని మీరు హీరో అంటున్నారు.

చిత్తూరు చిన్నోడు:
అయ్యో.

పాత నవలల పిచ్చోడు:
మీ చెల్లెలికి జరిగింది అన్యాయమే, దాన్ని కాదనను. కానీ ఎస్పీ ఆఫీసు గడప తొక్కే ధైర్యం మీకుంది. ఇద్దరు అన్నదమ్ములు ఎదురు తిరిగిన ఆడమనిషికి ఎవరున్నారు? ఆమె మేడ మెట్లు ఎక్కింది అందుకే. ఇంకో మాట, కోపగించుకోవద్దు. ఆ గ్యాస్ సర్వే లాంటివాడే ఈ కథకు పనికొస్తాడు. తప్పుడు రిపోర్టు రాసి ఒకరి పెళ్లి చెడగొట్టినవాడు ఇప్పుడు ఒకరి తండ్రిని వెతుకుతున్నాడు అంటే నేను పుస్తకం కింద పెట్టను.

ఎమ్మార్‌పల్లి మాస్టారు:
మా ఇంటి విషయం కథలోకి లాగొద్దు.

కోనేటికట్ట:
లాగను సార్. కాల్ లిస్టు మాత్రం ఉంటుంది, దాంతోనే వాడు లోపలికి పోతాడు. లాడ్జి పెన్ను సీను కూడా పెట్టుకుంటున్నా.

ఎమ్మార్‌పల్లి మాస్టారు:
లాడ్జిలో ఇచ్చే ఆధార్ ఎవరిది? ఇంకొకరిదైతే అదీ నేరమే.