ఊరి గోడల మీద ఊరి చరిత్ర: గొప్పలు మాత్రమేనా, చేదు కూడానా?

సందు_మలుపు (చర్చ మొదలుపెట్టినవారు):
చిన్న పట్టణాల్లో గోడల మీద ఊరి చరిత్రను పెద్ద పెద్ద బొమ్మలుగా వేయించడం చాలా దేశాల్లో ఉంది. కమిటీ కూర్చుందంటే జాబితా దాదాపు ఒకటే: మొదటి బడి, పాత మిల్లు, తొలి రైలు, పేరు తెచ్చుకున్న నలుగురైదుగురు. అదే ఊళ్ళో జరిగిన సమ్మె, మూతపడ్డ గని, పనిలో చచ్చిపోయిన కూలీలు, ఊరొదిలి పోవాల్సి వచ్చినవాళ్ళు... వీటికి గోడ మీద చోటుండాలా, వద్దా? నేను ఉండాలనే వైపు కాస్త మొగ్గుతున్నాను. ఒప్పిస్తే మారతాను. ఒకటే మనవి, వాదించుకోండి గానీ తిట్టుకోవద్దు.

గడియార_స్తంభం:
వద్దు. చరిత్ర రాయడానికి పుస్తకాలున్నాయి, మ్యూజియంలున్నాయి. గోడ పని వేరు. కెనడాలో వాంకూవర్ దీవి మీద షెమేనస్ అని చిన్న ఊరుంది. ఊరంతా కలప మిల్లు మీదే బతికేది. ఆ మిల్లు 1983లో మూతపడింది. అంతకు ముందే, 1982లో, గోడల మీద ఊరి చరిత్ర బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. ఆలోచన కార్ల్ షుట్జ్ అనే స్థానిక వ్యాపారిది. రుమేనియాలో మఠాల బయటి గోడల మీది చిత్రాలు చూసొచ్చి చెప్పాడట. ఇప్పుడు అక్కడ నలభైకి పైగా బొమ్మలున్నాయి. అవి చూడ్డానికే జనం వస్తారు. మిల్లు పోతే ఊరు ఖాళీ అవుతుందనుకున్నచోట హోటళ్ళూ దుకాణాలూ వచ్చాయి. అలాంటి ఊరికి కావాల్సింది తలెత్తుకునే బొమ్మ. ఉద్యోగం పోయినవాడికి పొద్దున్నే లేచి తన ఓటమిని పదడుగుల ఎత్తున చూపిస్తారా?

పాతకాగితాలు:
గడియార_స్తంభం గారూ, మీ ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతోంది. షెమేనస్ బొమ్మల్లో ఒకటి చైనా కూలీలది. రేవులో ఓడలకు కలప మోసిన ముఠా అది. ఆ రోజుల్లో చైనా నుంచి వచ్చినవాళ్ళ మీద కెనడా తలపన్ను వేసేది. అలాంటివాళ్ళని గోడెక్కించారు. అక్కడి ఆదివాసుల మీద ఒక బొమ్మ ఉంది, జపాన్ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ మీద ఇంకొకటి ఉంది. జనం వాటినీ చూస్తున్నారు, ఫొటోలూ తీసుకుంటున్నారు. చేదు కనబడితే టూరిస్టు పారిపోతాడన్నది కమిటీల భయమే తప్ప, అనుభవంలో తేలింది కాదు.

మీరు చెప్పే ‘తలెత్తుకునే బొమ్మ’ కోరితే ఏమవుతుందో 1932లోనే తేలింది. లాస్ ఏంజిలెస్‌లో ఓల్వెరా వీధిని మెక్సికో తరహాలో ముస్తాబు చేసి టూరిస్టులకు చూపించే రోజులవి. అక్కడొక మేడ గోడ మీద ‘ఉష్ణమండల అమెరికా’ అన్న అంశం మీద బొమ్మ వేయమని మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్‌ని అడిగారు. చెట్లు, చిలకలు, పళ్ళు వేస్తాడనుకున్నారు. ఆయన మధ్యలో సిలువకు కట్టిన ఆదివాసిని, పైన రెక్కలు చాచిన డేగని వేశాడు. వీధిలోంచి కనబడే భాగానికి కొద్ది నెలల్లోనే తెల్లరంగు కొట్టేశారు, కొన్నేళ్ళకి మిగతాదానికీ. 1960ల చివర్లో ఆ తెల్లరంగు పెచ్చులూడి కింద బొమ్మ మళ్ళీ కనబడసాగింది. గెట్టీ సంస్థ దాన్ని కాపాడే పని చేపట్టింది. 2012 అక్టోబరులో, గీసిన ఎనభై ఏళ్ళకి, జనానికి చూపించారు. ఇప్పుడు ఆ వీధికి దాన్ని చూడటానికని వచ్చేవాళ్ళున్నారు.

మధ్యబెంచీ:
సికేరోస్ ఉదాహరణ బాగానే ఉంది గానీ ఆయన బయటినుంచి వచ్చిన పేరున్న చిత్రకారుడు. ఊరివాళ్ళు తమ కథ తాము చెప్పుకోవడం కాదది. ఈ చర్చకి అతకదు.

పాతకాగితాలు:
ఒప్పుకుంటాను. అయితే అదే నగరంలో అతికేది చూపిస్తాను. వరదనీటి కాలవ కాంక్రీటు గోడ మీద, జూడీ బాకా అనే చిత్రకారిణి నాయకత్వంలో, 1976 నుంచి కొన్ని వేసవులపాటు ఒక పొడవాటి బొమ్మ గీశారు. నాలుగొందల మందికి పైగా పిల్లలు, స్థానికులు పాలుపంచుకున్నారు. పొడవు దాదాపు అరమైలు. కాలిఫోర్నియా చరిత్రను ఆదివాసుల కాలం నుంచి మొదలుపెట్టి, బడి పుస్తకాలు దాటేసిన సంగతుల్నే వరుసగా వేశారు. 1930లలో మెక్సికన్ కుటుంబాల్ని రైళ్ళెక్కించి పంపేసిన సంగతి ఉంది. యుద్ధకాలంలో జపనీస్ అమెరికన్లని శిబిరాల్లో పెట్టడం ఉంది.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయేది చావెజ్ రవీన్ భాగం. ఒక బస్తీని ఖాళీ చేయించి అక్కడ బేస్‌బాల్ స్టేడియం కట్టారు. బొమ్మలో ఆ స్టేడియం ఆకాశం నుంచి ఎగిరే పళ్ళెంలా దిగుతుంటుంది. పక్కనే ఫ్లైఓవర్లు మెలికలు తిరుగుతూ ఒక కుటుంబం మధ్యలోంచి దూసుకుపోతాయి, తలో వైపు తలొకరు చిక్కుకుపోతారు. ఒక్క అక్షరం చదవక్కర్లేదు, ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఏడుపు మొహాలు వేస్తేనే బాధ కనబడుతుందనుకోవడం చిత్రకారుణ్ణి తక్కువ అంచనా వేయడమే.

నిచ్చెన_మీద:
నేను గోడలు గీసేవాణ్ణి. ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. గోడ మాట్లాడదు, ‘నా ఉద్దేశం ఇదీ’ అని చెప్పుకోలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జ్ వాషింగ్టన్ పేరున్న హైస్కూలు గోడల మీద 1936లో విక్టర్ అర్నౌటాఫ్ అనే చిత్రకారుడు వాషింగ్టన్ జీవితం గీశాడు. ఆయన వామపక్షం మనిషి. వాషింగ్టన్ ఎస్టేటులో పనిచేసే బానిసల్ని వేశాడు, చచ్చిపడున్న ఆదివాసిని దాటుకుంటూ పడమరకి పోయే తెల్లవాళ్ళని వేశాడు. అప్పటి పాఠాలు దాచిన నిజం చెప్పడమే ఆయన ఉద్దేశం. ఎనభై ఏళ్ళ తర్వాత అదే బొమ్మ కొందరు విద్యార్థులకి అవమానంగా కనబడింది. రోజూ క్లాసుకి పోయే దారిలో తమవాడి శవాన్ని చూడాలా అని అడిగారు. 2019లో స్కూలు బోర్డు బొమ్మలకి రంగు కొట్టేద్దామంది, తర్వాత పలకలతో కప్పేద్దామంది. 2021లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 2022లో బోర్డు కూడా దాన్ని వెనక్కి తీసుకుంది.

చేదు వేయొద్దని నేననడం లేదు. దెబ్బ తిన్నవాళ్ళని శవాలుగానో, బరువు మోసే వీపులుగానో మాత్రమే వేస్తే, కొన్నేళ్ళకి వాళ్ళ మనవలే వచ్చి చెరిపేయమంటారు. చెరిపేయాలా వద్దా అన్నది వేరే గొడవ, కానీ ఆ కోపం న్యాయమైందే.

గడియార_స్తంభం:
నేను చెప్పిందీ అదే కదా! వేయకపోతే ఈ గొడవే లేదు.

పాతకాగితాలు:
వేయకపోతే గొడవ లేకపోవడం కాదండీ, గొడవపడే హక్కున్నవాళ్ళు గోడ మీద లేకపోవడం. రెండూ ఒకటి కావు. అర్నౌటాఫ్ బొమ్మ గురించి ఆ ఆదివాసీ పిల్లల్ని 1936లో ఎవరూ అడగలేదు. అసలు తప్పు అక్కడుంది. స్కెచ్ దశలో ఎవర్ని కూర్చోబెట్టారన్నదే నాకు ముఖ్యం, చేదా తీపా అన్నది తర్వాత. ఫిలడెల్ఫియాలో 1984లో గోడలు పాడుచేసే కుర్రాళ్ళని దారిలో పెట్టడానికని మొదలైన పని ఇప్పుడు పెద్ద మ్యూరల్ కార్యక్రమంగా మారింది. వాళ్ళు రంగు ముట్టుకునే ముందు ఆ వీధి జనంతో మీటింగులు పెడతారు. స్కెచ్ చూపిస్తారు, తిట్లు తింటారు, మారుస్తారు. టైమ్ పడుతుంది. పడనివ్వండి.

మధ్యబెంచీ:
మీటింగులకి ఎవరొస్తారు? తీరికున్నవాళ్ళు, గొంతున్నవాళ్ళు. షిఫ్టుకి పోయేవాడు రాడు. మీరు చెప్పే ‘కూర్చోబెట్టడం’ చాలాసార్లు కమిటీ జాబితాకే చప్పట్లు కొట్టించడంతో ముగుస్తుంది.

మధ్యేమార్గం ఒకటి చెప్తాను. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో బ్రిమ్ అనే బుల్లి ఊరుంది. అక్కడ 1939లో కట్టిన సైలోల (ధాన్యం నిల్వచేసే ఎత్తైన గాదెల) మీద గైడో వాన్ హెల్టన్ ముప్ఫై మీటర్ల ఎత్తున నలుగురు రైతుల్ని గీశాడు. 2016 మొదట్లో పూర్తయింది. ముసలివాళ్ళు, వయసువాళ్ళు, ఆడ, మగ. ఎవరి పేరూ రాయలేదు. అప్పటికి ఆ ప్రాంతం కరువుతో నలిగిపోయి ఉంది. మొహాల్లో ఆ అలసట కనబడుతుంది, కానీ ఎవర్నీ జాలిగా చూపించలేదు. దాని తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్ళ సైలోలకీ బొమ్మలొచ్చాయి, అవన్నీ కలిసి ఇప్పుడొక యాత్ర దారి అయింది. పేరున్న పెద్దమనిషిని వేస్తే ‘మావాడెందుకు లేడు’ అంటారు. ఇక్కడ ఆ బెడద లేదు.

పాతకాగితాలు:
బ్రిమ్ బొమ్మ నాకూ ఇష్టమే. అయినా పేరు లేకపోవడం అన్నిచోట్లా మంచిది కాదు. కరువు ఎవరూ చేసింది కాదు కాబట్టి అక్కడ సరిపోయింది. బస్తీని ఖాళీ చేయించింది ఫలానావాళ్ళు, కాల్పులకి ఆర్డరిచ్చింది ఫలానావాళ్ళు అన్నచోట ‘పేరులేని మనిషి’ని వేస్తే బాధితుడు మిగులుతాడు, చేసినవాడు జారుకుంటాడు.

మధ్యబెంచీ:
ఈ ఒక్క పాయింటు మీకిచ్చేశాను.

నిచ్చెన_మీద:
ఏం వేయాలన్నది తేలేలోపు ఎక్కడ వేయాలో కూడా చూడండి బాబూ. నేను చూసిన చరిత్ర బొమ్మల్లో సగం ఎవరూ చెరపకుండానే పోయాయి. చెమ్మ తినేసింది. గోడ ఒప్పుకునే ముందు రెండడుగుల పాలిథీన్ ముక్కని నాలుగువైపులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే లోపలివైపు చెమట పట్టి ఉందంటే ఆ గోడ వదిలేయండి, లేదా ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూసి బాగుచేయించండి. చెమ్మతో పాటు గోడలోని ఉప్పు బయటికొస్తుంది. పైన గాలాడని అక్రిలిక్ పొర ఉంటే దాని వెనక పేరుకుని బుడగలు లేపుతుంది. మీ స్వాతంత్ర్య సమరయోధుడి మొహం పెచ్చుగా చేతిలోకొస్తుంది.

ఇటుక, రాతి గోడలకి సిలికేట్ రంగులు మంచివి. జర్మనీలో కైమ్ అనే ఆయన 1878లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. పైన పొరలా కూర్చోకుండా గోడతోనే కలిసిపోతుంది, గోడకి ఊపిరాడనిస్తుంది. రంగుల్లో ఎర్రమట్టి, పసుపు మట్టి లాంటి ఇనుప ఆక్సైడ్‌లు ఎండకి ఆగుతాయి. కళ్ళు జిగేల్మనే గులాబీలు, కొన్ని ఎరుపులు ముందు పోతాయి. పడమటి ఎండ తగిలే గోడైతే మరీనూ. జెండాలో ఎరుపు వెలిసిపోయి మొత్తం బొమ్మ అర్థమే మారిపోయిన గోడ ఒకటి చూశాను.

ఫిలడెల్ఫియావాళ్ళ చిట్కా ఒకటి మధ్యబెంచీ గారి ప్రశ్నకి పనికొస్తుంది. పారాచూట్ గుడ్డలాంటి పల్చటి బట్ట మీద ముక్కలు ముక్కలుగా గీసి, తర్వాత అక్రిలిక్ జెల్‌తో గోడకి అతికిస్తారు. నంబర్లు వేసిన ముక్కని ఎవరైనా కూర్చుని రంగు నింపొచ్చు, నిచ్చెనెక్కక్కర్లేదు. మీటింగుకి రానివాళ్ళ దగ్గరికి, ముసలివాళ్ళ దగ్గరికి, జైలుకి కూడా బట్ట తీసుకుపోవచ్చు. తీసుకుపోతున్నారు కూడా.

సందు_మలుపు:
ఇంకో సందేహం. అసలు శాశ్వతంగా ఎందుకుండాలి? టాస్మానియాలో షెఫీల్డ్ అనే పట్టణం షెమేనస్‌ని చూసే 1986లో గోడ బొమ్మలు మొదలుపెట్టింది. 2003 నుంచి అక్కడ ఏటా పోటీ పెడుతున్నారు. చిత్రకారులు వారం రోజులు జనం కళ్ళముందే గీస్తారు, ఆ బొమ్మలు మళ్ళీ ఏడు వరకు పార్కులో ఉంటాయి. తర్వాత కొత్తవి. చరిత్రకీ ఇలాగే పెడితే? ఒక ఏడు మిల్లు యజమాని, మరో ఏడు మిల్లు సమ్మె.

గడియార_స్తంభం:
దీనికి నేను సై. ఎవరి వంతు వారిది. అందులో చేదున్నా ఏడాదేగా.

పాతకాగితాలు:
మీరు సై అనడమే నన్ను భయపెడుతోంది :) యజమాని బొమ్మ వీధి మొదట్లో ఇటుక గోడ మీద ముప్ఫై ఏళ్ళుంటుంది. సమ్మె బొమ్మ పార్కులో ప్లైవుడ్ మీద ఏడాదుంటుంది. తిప్పితే అన్నీ తిప్పాలి.

మధ్యబెంచీ:
ముప్ఫై ఏళ్ళుంటుందని ఎవరు చెప్పారు? బిల్డింగు ఓనరు అమ్మేస్తే, కొన్నాయన రంగు కొట్టేస్తే అడిగే దిక్కుంటుందా?

పాతకాగితాలు:
కొన్నిచోట్ల ఉంటుంది. న్యూయార్క్ క్వీన్స్‌లో 5 పాయింట్జ్ అనే భవనం నిండా గోడ బొమ్మలుండేవి. 2013లో యజమాని రాత్రికి రాత్రి తెల్లరంగు కొట్టించాడు. చిత్రకారుల హక్కుల మీద 1990లో వచ్చిన అమెరికా చట్టం కింద వాళ్ళు కోర్టుకెళ్తే 2018లో 67 లక్షల 50 వేల డాలర్లు ఇమ్మని తీర్పొచ్చింది, 2020లో అప్పీలులోనూ నిలబడింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యచిత్రాన్ని 1979లో పీకి గోడౌన్‌లో పడేస్తే, కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద ఢిల్లీ హైకోర్టు 2005లో ఆయనకి 5 లక్షల పరిహారం ఇప్పించి, మిగిలిన భాగాల్ని ఆయనకే తిరిగివ్వమంది.

నిచ్చెన_మీద:
రెండింటిలోనూ గెలిచేనాటికి బొమ్మ గోడ మీద లేదు. కాబట్టి సారువ కట్టే ముందే కాగితం రాసుకోండి: ఎన్నేళ్ళు ఉంచాలి, మళ్ళీ రంగు వేయించే ఖర్చు ఎవరిది, తీసేయాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, మార్పులకి ఎవరు సరేననాలి. నేను సంతకం చేసిన ఒప్పందాలన్నిటిలో గోడ యజమాని, కమిటీ, చిత్రకారుడు, ముగ్గురికే చోటుంది. బొమ్మలో ఉన్నవాళ్ళ తరఫున సంతకం పెట్టే గడి ఇంతవరకు ఎక్కడా కనబడలేదు. మీలో ఎవరైనా చూసుంటే నమూనా ఇక్కడ పెట్టండి, వచ్చే గోడకి వాడతాను.