ఇటుక బట్టీ పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య: ఒకే గదిలో ఎలా నడపాలి?

ప్రశ్న: మా బట్టీల దగ్గర 3–6 ఏళ్ల పిల్లలు 18 మంది ఉన్నారు. ఎక్కువమంది ఒడిశాలోని బలంగీర్ వైపు వాళ్లు, తెలుగు రాదు. వానలకు ముందే ఊరెళ్లిపోతారు. రేకుల గది ఒకటి దొరికింది. అమ్మానాన్నలేమో పలక పట్టించమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

అంగన్‌వాడీ టీచర్: ముందు తిండి సంగతి చూడండి. బట్టీ పని తెల్లవారకముందే మొదలవుతుంది. పిల్లలు ఖాళీ కడుపుతో వచ్చి, పదింటికల్లా తూగుతారు. దగ్గరి అంగన్‌వాడీలో పేర్లు రాయించండి. పిల్లలకు ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో నమోదవుతుంది. ఈ వయసు పిల్లలకు అక్కడ రోజూ తిండి పెట్టాలన్నది నియమం. ఊరెళ్లేటప్పుడు పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీలు వివరాలు రాసే ఫోన్ యాప్) వలస నమోదు చేయించి, టీకాల కార్డు తల్లి చేతికివ్వడం మర్చిపోకండి.

బాలల శిక్షకురాలు: పలక ఆర్నెల్లు ఆగినా నష్టం లేదు. మూడేళ్ల పిల్లకు వేళ్లలో పట్టుండదు, బలపాన్ని పిడికిలితో పట్టుకుంటుంది. ఆ పట్టే అలవాటైతే తర్వాత మార్చడం కష్టం. ముందు పిండిముద్ద పిసికించండి: 2 గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, 2 చెంచాల నూనె, ముప్పావు గ్లాసు నీళ్లు కొంచెం కొంచెంగా. ఒకేసారి పోస్తే జిగురై చేతులకంటుకుంటుంది. మూత డబ్బాలో వారం నిలుస్తుంది. తర్వాత ఇసుకలో వేలితో గీతలు, సున్నలు. ఐదేళ్లు దాటినవాళ్లకు అప్పుడు పలక. తల్లులు వచ్చినప్పుడు పిల్లలు చేసిన ముద్దబొమ్మలు చూపించి, రాతకు ఇదే తొలి మెట్టని చెప్పండి. మాటల కంటే అది బాగా నమ్మిస్తుంది.

కథ మాత్రం వారమంతా ఒకటే, అవే మాటలతో, సైగలతో చెప్పండి. రోజుకో కథయితే తెలుగు రాని పిల్లకు ఒక్క మాటా నిలవదు. ఒడియా వచ్చిన తల్లి ఒకరు పక్కనుంటే మొదట ఒడియాలో, తర్వాత తెలుగులో చెప్పొచ్చు. "దాహం", "నొప్పి", "ఒంటికి వస్తోంది" లాంటి మాటలు మీరే ఒడియాలో నేర్చుకోండి.

మరొకరు: చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని అక్కలు కూడా వస్తారు. పసివాళ్లకు చాప వేసి విడిగా మూల కేటాయించి, వాళ్ల దగ్గర కూర్చోడానికి ఒక పెద్దమనిషిని పెట్టండి. లేకపోతే ఎనిమిదేళ్ల అక్క బడి మానేసి ఇక్కడే ఆయా అయిపోతుంది. లెక్కకు చింతగింజలు ఐదేళ్ల గుంపుకే ఇవ్వండి, పూర్తయ్యాక ఎన్ని ఇచ్చారో అన్నీ ఎంచి తీసుకోండి. పసివాళ్ల గొంతుకు అడ్డుపడతాయి, ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. వాళ్లకు కొబ్బరి చిప్పలు చాలు.