మాస్టారి పెట్టెలో ఇంటి కాగితాలు వేరు చేయాలా?

పర్లాకిమిడి మనవడు:
మా తాతగారు పర్లాకిమిడి దగ్గర తెలుగు బడిలో మాస్టారు. ఆయన పోయాక రెండు ట్రంకు పెట్టెలు మిగిలాయి. పాఠాల నోట్సు, బదిలీ ఉత్తర్వులు, పిల్లల గురించి రాసుకున్న డైరీలు, ఇంటి పద్దులు, అమ్మమ్మ ఆయనకు రాసిన ఉత్తరాలు. ఒక గ్రంథాలయం భద్రపరుస్తామంటోంది. బడివి మాత్రం ఇచ్చి ఇంటివి కాల్చేయమని అమ్మ అంటోంది. మీరేమంటారు?

బరంపురం పాఠకుడు:
అన్నీ స్కాన్ చేసి అందరూ చూసేలా అంతర్జాలంలో పెట్టండి. ఒడిశాలో తెలుగు బడులు ఎలా నడిచాయో చెప్పే కాగితాలే కరువు. దాచుకుంటే చెదల పాలవుతాయి.

గుణుపురం పంతులమ్మ:
కాల్చవద్దు బాబూ, దయచేసి. ఏది బడిది, ఏది ఇంటిది అని ఎలా తేలుస్తారు? పేద పిల్లవాడికి పరీక్ష ఫీజు కట్టిన సంగతి బడి రిజిస్టరులో ఉండదు, ఇంటి పద్దులో ఉప్పు, కిరోసిన్ మధ్య ఉంటుంది. జీతం ఆలస్యమైన నెలలో ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారో కూడా అక్కడే ఉంటుంది. పంతులు బతుకు తెలిసేది ఆ పద్దుల్లోనే.

మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరారు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ శ్రమలో ఇంటిదెంత, బడిదెంత? గీత గీయబోతే చేతికి సగం మనిషే మిగులుతాడు.

అందుకే పెట్టెలో ఉన్న వరుస చెదరకుండా ఇవ్వండి. పాఠాల నోట్సులో పోస్టుకార్డు ఉంటే అక్కడే ఉండనివ్వండి. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి. లామినేషన్ మాత్రం చేయించకండి, కాగితం మళ్లీ బయటికి రాదు.

ఇక బరంపురం వారికి: ఎవరి తండ్రి తాగేవాడు, ఎవరు అన్నం లేక బడి మానేశారు అని మాస్టారు డైరీలో రాసి ఉంటారు. ఆ పిల్లలు ఇప్పటికీ మన మధ్యే తిరుగుతున్నారు. వాళ్ల పేర్లు లోకానికి చూపే హక్కు కుటుంబానికీ లేదు, గ్రంథాలయానికీ లేదు.

బరంపురం పాఠకుడు:
పేర్లు చెరిపి పెట్టవచ్చు కదా?

గుణుపురం పంతులమ్మ:
చిన్న ఊళ్లో పేరు చెరిపినా వీధిని బట్టి మనిషిని పోల్చేస్తారు.

కోరాపుట్ కోడలు:
పంతులమ్మగారూ, భార్య రాసిన ఉత్తరాలు భర్త కోసం రాసినవి. పోయినవారి అనుమతి ఎవరిస్తారు? ఆ అమ్మ బాధలో న్యాయం ఉంది.

గుణుపురం పంతులమ్మ:
ఉందమ్మా, కాదనను. కాగితం అందుకున్నవారిదైనా అందులోని రాతపై హక్కు రాసినవారిదే. వారు పోయాక అది వారసులకు వస్తుంది. వారు బతికుండగా అచ్చుకాని రాతలకైతే మొదటిసారి అచ్చయ్యాక 60 ఏళ్ల వరకు ఉంటుంది. అందువల్ల అమ్మమ్మగారి ఉత్తరాలు అచ్చు వేయడమా మానడమా అన్నది మనవడొక్కడే తేల్చే మాట కాదు. అయినా కాల్చడం ఎందుకు? కట్ట కట్టి, సీలు వేసి, ఏ సంవత్సరం వరకు తెరవకూడదో పైన రాయించండి. పిల్లల డైరీలకూ అలాగే గడువు పెట్టండి. ఈ షరతులన్నీ అప్పగింత పత్రంలో ఉండాలి, నోటిమాటగా వదిలేయకండి. గడువు ఎన్నేళ్లో మీ అమ్మగారినే చెప్పమనండి బాబూ. గ్రంథాలయం వారు దానికి ఒప్పుకోకపోతే పెట్టెలు మీ ఇంట్లోనే ఉండనివ్వండి.